మూడువందల పదిహేడో నంబరు మందు

జమ్మలమడుగు శాఖా గ్రంథాలయంలో అటెండరుగా పనిచేసే దయానందానికి పద్నాలుగో ఏట, మిషన్ బడిలో డ్రిల్లు పీరియడప్పుడు, మొదటిసారి మూర్ఛ వచ్చింది. ఇప్పుడాయనకు యాభై ఆరు. మధ్యలో గడిచిన నలభై రెండేళ్ళూ ఆయన మూడు నియమాల కింద బతికాడు. నిప్పు దగ్గరికి పోకూడదు. నీళ్ళలో దిగకూడదు. కాళ్ళు నేల విడిచే పని ఏదీ చేయకూడదు. ఈ నియమాలు మొదట తల్లి పెట్టింది. పెళ్ళయ్యాక ఇంటి పెత్తనంతో పాటు వాటిని కోడలు సుబ్బమ్మకు అప్పగించింది. సుబ్బమ్మ వాటికి సవరణలు చేర్చింది. సైకిలు వద్దు. మిద్దె ఎక్కవద్దు. చుట్టాలు వస్తే వాళ్ళతో గండికోటకు పోవచ్చు గానీ, లోయ వైపు పోకుండా మసీదు దగ్గరే కూర్చోవాలి. అందువల్ల గండికోటకు పద్దెనిమిది సార్లు వెళ్ళినా, పెన్న లోయ ఎలా ఉంటుందో ఆయన ఫోటోల్లో చూసిందే తప్ప ఎరగడు.

నెలకు ఐదారు సార్లు ఫిట్స్ వచ్చేవి. కుడిచెయ్యి మెలితిరిగేది, మూతి ఒక పక్కకు పోయేది, ఆయన ఉన్నచోటనే కూలిపోయేవాడు. రెండు నిమిషాల్లో అంతా సర్దుకునేది. గ్రంథాలయానికి రోజూ పేపర్లు చదవడానికి వచ్చే పెద్దమనుషులకు ఇది అలవాటైపోయింది. ఒకాయన కుర్చీ పక్కకు లాగేవాడు. ఒకాయన గడియారం చూసేవాడు. మూడో ఆయన చదువుతున్న పేపరు చంకలో పెట్టుకుని వచ్చి దయానందాన్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టేవాడు. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగవని డాక్టర్లు ఎంత చెప్పినా జనం మానలేదు కాబట్టి, ఆయన కళ్ళు తెరిచేసరికి చేతిలో ఏదో ఒకటి ఉండేది. ఎవరి బీరువా తాళాలో, ఎవరి బండి స్పానరో. ఒకసారి రెండు కిలోల ఇనుప తూకపు రాయి ఉంది. గ్రంథాలయంలోకి తూకపు రాయి ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో ఈనాటికీ తేలలేదు.

సుబ్బమ్మ అంగన్‌వాడీ టీచరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆమె రాసిన రిజిస్టర్లు పేరిస్తే నడుము ఎత్తు వస్తాయి. పిల్లల బరువు, తిన్న కోడిగుడ్లు, గర్భిణుల పేర్లు, టీకాలు, ఇంటింటి సర్వే, అన్నిటికీ ఒక్కో రిజిస్టరు. తనిఖీకి వచ్చిన అధికారులు అవన్నీ తిరగేసి, ఒక్క తప్పూ దొరక్క, దిగాలుగా టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. రాయని సంగతి జరగనట్టే లెక్క అని సుబ్బమ్మ నమ్మకం.

ప్రొద్దుటూరులో నరాల డాక్టరు రఘునాథ్ దయానందాన్ని పదకొండేళ్ళుగా చూస్తున్నాడు. నాలుగు రకాల మందులు మార్చాడు. ఒక మందుకు ఫిట్స్ తగ్గలేదు గానీ దయానందం ఎనిమిది కిలోలు బరువు పెరిగాడు. ఇంకో మందుకు ఫిట్స్ తగ్గలేదు గానీ చీటికీమాటికీ కోపం వచ్చి, పుస్తకాలు ఆలస్యంగా తెచ్చినవాళ్ళను గ్రంథాలయం గేటు దాకా తరిమాడు. చివరికి ఒకరోజు డాక్టరు, కొత్త మందు ఒకటి తయారవుతోందని, ఇంకా బజారుకు రాలేదని, దేశంలో మూడువందల మంది మీద పరీక్ష చేస్తున్నారని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పాడు. ఆ మందుకు ఇంకా పేరు లేదు. నంబరే. మూడువందల పదిహేడు.

పరీక్ష పనులన్నీ చూసుకునేది సాజియా అనే అమ్మాయి. ఆమెది ప్రొద్దుటూరే. ఎంత గాలి వీచినా చెదరకుండా కాగితాలు సర్దగల మనిషి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ఇరవై రెండు పేజీల అంగీకార పత్రం చేతిలో పెట్టి, నింపాదిగా చదువుకోమని చెప్పింది. దయానందం నింపాదిగానే చదివాడు. చదువుతూ జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

గంటన్నర తర్వాత ఆయన ముప్పై ఏడు అక్షర దోషాలు తేల్చాడు.

"సాజియమ్మా, పదకొండో పేజీ చూడు. 'పాల్గొనేవారు తమకు మూర్ఛ సంభవించిన ఎడల, సదరు సమయమున సదరు మూర్ఛను స్వయముగా నమోదు చేయవలెను.' మూర్ఛలో పడిండే మనిషి మూర్ఛను ఎట్ల రాసుకుంటాడమ్మా?"

సాజియా పదకొండో పేజీ చూసింది. అంతకుముందు నలుగురు రోగులు, ఇద్దరు డాక్టర్లు, ఒక కమిటీ ఆ పేజీ కింద సంతకాలు పెట్టారు.

"అది... ఇంటోళ్ళు రాయొచ్చు సార్."

"నేను రాస్తా," అంది సుబ్బమ్మ. ఆమె కళ్ళలో వెలుగు చూసి దయానందం కాస్త భయపడ్డాడు.

చట్టం ప్రకారం అంగీకారం తెలపడాన్ని వీడియో తీయాలి. దయానందం ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, కెమెరా ముందు నిటారుగా కూర్చున్నాడు. సాజియా వివరించడం మొదలుపెట్టింది.

"సార్, ఈ పరీక్షలో కొందురికి మందు బిళ్ళ ఇస్తారు, కొందురికి ఉత్త బిళ్ళ ఇస్తారు. రెండూ చూడను ఒకటే తీరు ఉంటాయి. మీకు ఏది పడిందో మీకు తెలీదు, నాకు తెలీదు, డాక్టర్ సారుకు కూడా తెలీదు. మీ పాత మందులు మాత్రం ఎప్పట్లాగే వేసుకోవాల."

"డాక్టరుకే తెలీకుంటే ఇంకెవురికి తెలుసమ్మా?" అని కెమెరా బయట నుంచి సుబ్బమ్మ గొంతు వినిపించింది.

"కంప్యూటరుకు తెలుసు అక్కా."

"దానికి ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు అక్కా, అదే చీటీలేసినట్ల తీస్తాది."

"అంటే మా ఆయప్ప పానం చీటీల పాటనా?"

వీడియో ఆపారు. మళ్ళీ మొదలుపెట్టారు. అలా నాలుగు సార్లు తీశారు. మొదటి మూడింటిలోనూ సాజియా ఏది అడిగినా జవాబు చెప్పింది సుబ్బమ్మే. నాలుగోసారి ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేశారు. "మీరు ఇష్టపూర్వకంగానే చేరతాండారా?" అని సాజియా అడిగితే, దయానందం తలుపు వైపు ఒకసారి చూసి, "ఇంత స్వేచ్ఛగా నేను ఏ పనీ చేసిండ్లేదు తల్లీ," అన్నాడు. ఆ వీడియో ఖాయమైంది.

మొదటి రెండు నెలలు కొత్త బిళ్ళ ఏదీ ఇవ్వకుండా ఫిట్స్ ఎన్ని వస్తాయో లెక్కించారు. పదకొండు వచ్చాయి. తర్వాత బిళ్ళలు మొదలయ్యాయి. ఉదయం ఎనిమిదికి ఒకటి, సాయంత్రం ఎనిమిదికి ఒకటి. మొదటి నెల మూడు ఫిట్స్. రెండో నెల ఒకటి. ఆ తర్వాత ఏమీ లేవు.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. గ్రంథాలయంలో పెద్దమనుషులు తలా ఒకసారి పేపరు మీంచి తల ఎత్తి దయానందం వైపు చూసేవాళ్ళు. ఆయన నిలబడే ఉండేవాడు. వాళ్ళు మళ్ళీ పేపర్లో పడేవాళ్ళు. గడియారం చూసే ఆయనైతే ఒకరోజు నేరుగా వచ్చి, "ఏమప్పా దయానందం, పానం బాగ లేదా?" అని అడిగేశాడు.

కానీ ఫిట్స్ రాయమని సాజియా ఇచ్చిన డైరీలో ఖాళీ గడులు సుబ్బమ్మకు నచ్చలేదు. ఫిట్స్ రాసే గడిలో సున్నా పెట్టి పెట్టి విసుగొచ్చింది. ఆ పక్కనే ఇంకో గడి ఉంది. 'మందు మొదలైన తర్వాత కనిపించిన కొత్త లక్షణాలు. ఎంత చిన్నవైనా రాయండి.' అని దాని మీద ఉంది. ఎంత చిన్నవైనా! అలాంటి మాట ఆమెకు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏ అధికారీ చెప్పలేదు.

పదిహేనో తేదీ ఆమె ఇలా రాసింది: 'ఉదయం ఆరున్నరకు నేను లేచేసరికి తనే కాఫీ పెట్టినాడు. పెండ్లయిన ముప్పై ఏండ్లలో ఇదే మొదలు.'

పరీక్షలో ఉన్న మనిషికి వచ్చిన కొత్త లక్షణం ఏదైనా పైకి పంపాలి. సాజియా తల పట్టుకుంది గానీ, నియమం నియమమే అని కంప్యూటర్లో ఎక్కించింది. మూడు రోజుల్లో హైదరాబాద్ ఆఫీసు నుంచి ప్రశ్నలు వచ్చాయి. సాజియా ఫోన్ చేసింది.

"అక్కా, ఆ కాఫీ సంగతి పైనోళ్ళు అడుగుతాండారు. దాని తీవ్రత ఎంత అంట. కొంచెమా, మధ్యస్థమా, ఎక్కువా?"

సుబ్బమ్మ ఆలోచించింది. "మధ్యస్థం అని రాయి. చక్కెర ఎక్కువైంది."

"దానంతట అదే తగ్గిపోయిందా, లేకుంటే ఏమన్నా చేసినారా?"

"పారబోసినా."

"మళ్ళీ వచ్చిందా?"

"దినాము వస్తాంది సాజియమ్మా! నిన్న ఉప్మా కూడా చేసినాడు!"

ఆ నెల డైరీ మూడు పేజీలు నిండింది. 'బావిలోకి తొంగి చూసినాడు.' 'పక్కింటోళ్ళ సైకిలు తొక్కినాడు, మలుపు దాకా పోయి దిగి తోసుకోనొచ్చినాడు.' 'మిద్దెక్కి నీళ్ళ ట్యాంకు మూత తీసి, ఎందుకు తీసినావంటే ఊరికే అన్నాడు.' 'చర్చిలో పాట గట్టిగా పాడినాడు.' ఒక్కో దానికీ హైదరాబాద్ నుంచి ప్రశ్నలు వచ్చేవి. పాట ఎంతసేపు ఉంది? పాట వల్ల ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందా? చర్చికి వచ్చేవాళ్ళను అడిగి చూస్తే, చేరాల్సింది వాళ్ళేనని తేలింది. సుబ్బమ్మ ఆ మాటనూ రాసింది.

దయానందానికి మాత్రం ఇదంతా ఇబ్బందిగా ఉంది. ఇన్నేళ్ళూ ఆయన పడిపోతే పదిమంది చూసేవాళ్ళు. ఇప్పుడు నిలబడితే కూడా చూస్తున్నారు. పైగా రాస్తున్నారు. పొయ్యి ముందు నిలబడి పాలు పొంగడం చూస్తున్నప్పుడు ఆయన ఒంట్లో ఏదో చల్లగా పాకినట్టు ఉండేది. అది భయం కాదు. దాన్ని ఏమంటారో చెప్పడానికి మాట వెతుక్కునే లోపలే వెనక పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించేది.

మూడో నెల చివర ఒక శనివారం మధ్యాహ్నం సుబ్బమ్మ అంగన్‌వాడీ నుంచి ఇంటికి వచ్చేసరికి దయానందం లేడు. గ్రంథాలయంలో లేడు. చర్చిలో లేడు. ఫోను అల్మరాలో ఉంది. బిళ్ళల పెట్టె మాత్రం లేదు. ఆయనకు పెళ్ళయిన తర్వాత ఒంటరిగా ఊరు దాటిన అలవాటు లేదు. సుబ్బమ్మ సాజియాకు ఫోన్ చేసింది.

"సాజియమ్మా, మీ మందు మింగి మా ఆయప్ప యాడికో పోయినాడు!"

"పోయినాడా? అంటే..." సాజియా కుర్చీలోంచి లేచింది. పరీక్షలో ఉన్న మనిషి పోతే ఇరవై నాలుగు గంటల్లోపల చెప్పాలి.

"పోయినాడు అంటే పోవడం కాదు పాపా! యాడికో పోయినాడు! కనపల్లేదు!"

సాజియా మళ్ళీ కూర్చుని ఫారం తీసింది. మనిషి మాయం కావడానికి అందులో గడి లేదు. హైదరాబాద్‌కు ఫోన్ చేసింది. అక్కడి ఆయన చాలాసేపు విని, "ఇది ఊహించిన పరిణామమా, ఊహించనిదా?" అని అడిగాడు. సాజియా ఆ ప్రశ్ననే సుబ్బమ్మకు చేరవేసింది.

"ముప్పై ఏండ్లల్లో ఎన్నడూ లేదు. ఊహించనిదే! రాయి! గట్టిగా రాయి!"

ఇంతలో పులివెందుల నుంచి ఎస్తర్ ఫోన్ చేసింది. ఎస్తర్ దయానందం చెల్లెలు, అక్కడ ఆడపిల్లల హాస్టల్లో పనిచేస్తుంది.

"వదినా, అన్న ఈడికొచ్చినాడు. ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిన్నాడు. నీకు చెప్పే వచ్చినా అన్నాడే! ఇప్పుడు ఎగ్జిబిషన్ చూసొస్తానని పోయినాడు."

"ఎగ్జిబిషన్లో ఏముంది?"

"అన్నీ ఉంటాయి వదినా. అప్పడాలు, గాజులు, జెయింట్ వీలు..."

సుబ్బమ్మ ఫోను పెట్టేసి, డైరీని సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచింది. సాజియా ప్రొద్దుటూరు నుంచి బయల్దేరింది. ఇద్దరూ ముద్దనూరులో కలిసి పులివెందుల బస్సెక్కారు. బస్సు పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించినంత మేరా నత్తలా నడిచింది.  దారిలో సుబ్బమ్మ, "తను చేసిన ఉప్మాలో ఉప్పు తక్కువైందని నిన్న ఒక మాట అన్నా. అందుకేమన్నా పోయినాడంటావా?" అని అడిగింది. సాజియా ఆమె చెయ్యి పట్టుకుంది.

వాళ్ళు ఎగ్జిబిషన్ మైదానం చేరేసరికి సాయంత్రం ఏడు దాటింది. జెయింట్ వీలు కదలకుండా నిలబడి ఉంది. దాని చుట్టూ జనం తల ఎత్తి చూస్తున్నారు. జనరేటర్లో డీజిల్ అయిపోయింది. ఎక్కినవాళ్ళలో మిగతా అందరినీ చేత్తో తిప్పి దించేశారు. చిట్టచివర, ఆకాశానికి దగ్గరగా ఉన్న డబ్బాలో ఒకే ఒక్క మనిషి మిగిలాడు. మెడదాకా గుండీలు పెట్టుకున్న ఇస్త్రీ చొక్కా.

"ఏమప్పా!" అని సుబ్బమ్మ కేక పెట్టింది. "దిగప్పా కిందికి!"

పైనుంచి దయానందం ముఖం కనిపించింది. "ఎట్ల దిగేది? దూకాల్నా?"

"ఫిట్స్ ఏమన్నా వచ్చినాయా?"

"రాలేదు. గాలి శానా బాగ వస్తాంది."

వీలు నడిపే కమాల్ బాషా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అక్కా, భయపడొద్దు. డీజిల్ తేను మనిషి పోయినాడు. అర్ధగంట."

"అర్ధగంట ఉండకూడదన్నా! ఆయన్ను ఇప్పుడే దించు. ఆయనకు మూర్ఛ ఉంది," అంది సాజియా.

కమాల్ బాషా ముఖం పాలిపోయింది. "నాకు చెప్పలేదే! చెప్పింటే ఎక్కిస్తానా?" ఆయన వీలు వైపు చూసి లెక్కలు కట్టాడు. "చేత్తో తిప్పొచ్చు. కానీ ఒక పక్కే బరువుంటే చక్రం మా చేతుల్లో ఆగదు, దబ్బుమని వస్తాది. ఎదురు డబ్బాలో ఎవురన్నా కూర్చుంటే తూకం సరిపోతాది. నిదానంగా దించొచ్చు."

"నేను కూర్చుంటా," అంది సుబ్బమ్మ వెంటనే. సంచి సాజియాకిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కింద ఉన్న డబ్బాలో కూర్చుంది. నలుగురు మనుషులు ఇనుప చువ్వలు పట్టుకుని చక్రాన్ని తిప్పసాగారు. దయానందం నెమ్మదిగా కిందికి వచ్చాడు. వచ్చి, నేల మీద కాలు పెట్టి, చొక్కా సర్దుకుని, "సుబ్బమ్మ యాడ?" అని అడిగాడు.

సుబ్బమ్మ పైన ఉంది.

ఆయన కిందికి వస్తే ఆమె పైకి పోతుందన్న సంగతి ఆ హడావుడిలో ఒక్కరికీ తోచలేదు. పైనుంచి యేసయ్యను, మేరీ తల్లిని, జిల్లా కలెక్టరును వరుసగా పిలుస్తున్న కేకలు వినిపించాయి.

"కండ్లు తెరవద్దు సుబ్బమ్మా! గట్టిగా పట్టుకో! నేనొస్తా!" అని దయానందం మళ్ళీ డబ్బా ఎక్కబోయాడు. ఆయన ముఖంలో భయం కంటే ఉత్సాహమే ఎక్కువగా కనిపించింది. సాజియా అడ్డం పడింది.

"మీరు ఎక్కొద్దు సార్! నేను కూర్చుంటా."

సాజియా కూర్చుంది. నలుగురూ చక్రం తిప్పారు. సుబ్బమ్మ సగం దూరం వచ్చాక కళ్ళు తెరిచింది. పులివెందుల దీపాలన్నీ కింద పరుచుకుని ఉన్నాయి. దూరంగా రోడ్డు మీద బస్సులు అగ్గిపెట్టెల్లా కదులుతున్నాయి. ఆమె కేకలు ఆగిపోయాయి. నేల చేరినా ఆమె వెంటనే దిగలేదు. దయానందం చెయ్యి అందించాడు. ముప్పై ఏళ్ళలో పడిపోయిన మనిషిని లేపడానికి చెయ్యి చాచింది ఎప్పుడూ ఆమే. ఈసారి ఆయన చెయ్యి పట్టుకుని లేచింది.

పైన సాజియా ఇరుక్కుపోయింది. ఆమె కోసం కమాల్ బాషా తానే ఎదురు డబ్బాలో కూర్చుంటానన్నాడు గానీ, చక్రం తిప్పే పని తెలిసింది ఆయనొక్కడికే అని మిగతా వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి డీజిల్ వచ్చింది. జనరేటరు దద్దరిల్లుతూ మొదలైంది. సాజియాకు కిందికి వచ్చే ముందు ఉచితంగా మూడు చుట్లు పడ్డాయి.

సరిగ్గా ఎనిమిదికి దయానందం నిమ్మకాయ సోడాతో బిళ్ళ మింగాడు. ముగ్గురూ మిరపకాయ బజ్జీల బండి పక్కన కుర్చీల్లో కూలబడ్డారు.

"చెప్పకుండా యాలకు పోయినావప్పా?" అని అడిగింది సుబ్బమ్మ. గొంతులో కోపం ఉండాలని గట్టిగానే ప్రయత్నించింది.

దయానందం సోడా సీసాను చేతిలో తిప్పాడు. "చెప్తే నువ్వు రాస్తావు. నువ్వు రాస్తే వాళ్ళు అడుగుతారు. ఎంత ఎత్తు, ఎంతసేపు, తీవ్రత ఎంత అని. ఒక గంట... ఒక గంట ఎవురూ రాయకుండా ఉందామని వచ్చినా. అంతే."

సుబ్బమ్మ సంచిలోంచి డైరీ తీసింది. ఆ రోజు పేజీ తెరిచింది. పెన్ను మూత తీసి కాసేపు అలాగే పట్టుకుంది. ఫిట్స్ గడిలో సున్నా పెట్టింది. కొత్త లక్షణాల గడిలో ఏమీ రాయకుండా డైరీ మూసేసింది. సాజియా చూసి కూడా చూడనట్టు బజ్జీ నమిలింది.

సోమవారం డాక్టర్ రఘునాథ్ ముగ్గురికీ కలిపి చీవాట్లు పెట్టాడు. "ఏడు వారాలు ఫిట్స్ రాలేదంటే ఇంక రావని కాదు దయానందం గారూ. కాఫీ పెట్టుకోండి, పక్కన మనిషి ఉండంగా పెట్టుకోండి. చర్చిలో పాడుకోండి, అది వాళ్ళూ మీరూ తేల్చుకోండి. సైకిలు, బావి, జెయింట్ వీలు మాత్రం వద్దు. మీరు కూడా సుబ్బమ్మగారూ, అవసరమైంది రాయండి చాలు." ఆయన మాట నిజమేనని పందొమ్మిదో వారంలో తేలింది. గ్రంథాలయంలో ఒక ఫిట్ వచ్చింది. పెద్దమనుషులు పరుగెత్తుకొచ్చారు గానీ చాలా రోజులు అలవాటు తప్పడంతో ముగ్గురూ కుర్చీయే లాగారు, ఒక్కరూ గడియారం చూడలేదు. సుబ్బమ్మ ఆ రాత్రి ఏడ్చింది. దయానందమే ఆమెను ఓదార్చాడు. "నెలకు ఆరు కాడ నాలుగున్నర నెల్లకు ఐదు. నువ్వే కదా రాసింది, చూసుకో."

ఏడాది తర్వాత పరీక్ష ముగిసి, ఎవరికి ఏ బిళ్ళ పడిందో కంప్యూటరు బయటపెట్టింది. దయానందానికి పడింది అసలు మందే. మందు తీసుకున్నవాళ్ళలో సగానికి పైగా మందికి ఫిట్స్ సగమో అంతకంటే ఎక్కువో తగ్గాయని, ఇంకా పెద్ద పరీక్ష చేయాలని, బజారుకు రావడానికి కొన్నేళ్ళు పడుతుందని, అప్పటిదాకా పరీక్షలో ఉన్నవాళ్ళందరికీ మందు ఇస్తారని సాజియా చెప్పింది. సుబ్బమ్మ అక్కడే చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. దయానందం మాత్రం కుర్చీని సాజియా వైపు జరుపుకున్నాడు.

"సాజియమ్మా, ఉత్త బిళ్ళలు పడినోళ్ళ సంగతేంది?"

"వాళ్ళకు కూడా ఇప్పుడు అసలు మందే ఇస్తాండారు సార్."

"ఇప్పుడు సరే. అన్ని నెల్లు వాళ్ళు ఊరికే మింగినారు కదా. ఫిట్స్ వస్తానే ఉన్నాయి, మింగుతానే ఉన్నారు."

"ఊరికే కాదు సార్. వాళ్ళు మింగకుంటే మీకు తగ్గింది మందు వల్లనో, ఊరికే తగ్గిందో మాకెట్ల తెలుస్తాది?"

దయానందం ఆ మాట మనసులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. వారం తర్వాత ఒక ఉత్తరం తెచ్చాడు. పైన 'ఉత్త బిళ్ళలు మింగినవారికి' అని ఉంది.  రోగుల పేర్లు ఎవరికీ చెప్పకూడదు. ఉత్తరాన్ని ఎవరికని పంపాలి? డాక్టరు రెండు రోజులు ఆలోచించి, దానికి అద్దం కట్టించి రోగులు కూర్చునే హాల్లో తగిలించాడు. ఉత్తరం చిన్నదే.

'అయ్యా, అమ్మా. మీరెవరో నాకు తెలియదు. మీరు మందు లేని బిళ్ళను మందనుకొని వేళ తప్పకుండా మింగారు. నేను మీ పుణ్యాన కాఫీ పెట్టడం నేర్చుకున్నాను. జమ్మలమడుగు గ్రంథాలయానికి వస్తే మీకు ఒక కప్పు ఇస్తాను. చక్కెర ఎంతో చెప్పండి. ఇట్లు, దయానందం.'

ఒక్క అక్షర దోషం లేదు.

నెల తిరక్కముందే రాజుపాలెం దగ్గరి ఊరి నుంచి నాగులమ్మ అనే గొర్రెల కాపరి ఆ హాల్లో కూర్చుని ఉత్తరాన్ని పక్కామెతో చదివించుకుంది. విని లేచి వెళ్ళి పటాన్ని మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుంది.

"అమ్మా, అది తీసుకోకూడదు," అంది సాజియా.

"నాకు రాసిండేది నేను తీసుకోకుంటే ఇంకెవురు తీసుకుంటారు?" అంటూ నాగులమ్మ మెట్లు దిగింది. సాజియా వెనక పోలేదు. గోడ మీద మేకును కాసేపు చూసి, దయానందానికి ఫోన్ చేసి, ఇంకొకటి రాసి తీసుకురమ్మంది.